అంగడి లెక్కలు – యంత్ర బీజకములు



ఛందస్సును, సమాసములను బోధించుచు ముప్పదినాలుగేండ్లు గడపిన బడిపంతులు వర్తకుల లెక్కలను గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోపవచ్చును. నాకును వింతయే. చోడవరములో ఇనుము, సిమెంటు అమ్ముకొనుచున్న నా పూర్వశిష్యుడొకడు 2025వ సంవత్సరము వేసవిలో మా యింటికి వచ్చి, “మాస్టారూ, మా కొట్టులో నొక చిక్కు తెగకున్నది. రెండేండ్ల క్రిందట కంప్యూటరును, దానిలో లెక్కలు వ్రాయు సాఫ్టువేరును కొంటిని. మా గుమాస్తాగారు చిట్టా పుస్తకమును విడువకున్నారు. పగలంతయు పుస్తకములో వ్రాసి, సాయంకాలము మా మేనల్లునిచే యంత్రములోని కెక్కించుచున్నారు. ఒక పనికి రెండు పనులగుచున్నవి. నాకంటె పెద్దవాడు, మా తండ్రిగారి నాటి మనిషి. నేను గట్టిగా చెప్పజాలను. మీ యీడువాడు గనుక మీరు చెప్పిన వినునేమో” అని మొఱపెట్టుకొనెను.

నేను మొండితనము మాన్పుదునను ధీమాతో బోతిని. వారము దినములు ఆ కొట్టులో గూర్చున్న పిమ్మట, ఎవనికి పాఠము చెప్పబోతినో వానిచేతనే పాఠము చెప్పించుకొని వచ్చితిని. అది మీకు విన్నవించుటయే నేటి ప్రసంగము.

ముందుగా సంగతి యేమో తెలియవలెను. సరకు నమ్మినవాడు కొన్నవానికి వ్రాసియిచ్చు వివరపు పట్టీని పూర్వులు బీజకమనిరి. నేడు అందఱును ఇన్వాయిసు అనుచున్నారు. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను, అనగా జి.యస్.టి., దేశమంతట అమలునకు వచ్చెను. ఒక వర్తకుడు మఱియొక వర్తకునకు వ్రాయు బీజకమును ప్రభుత్వము నిర్ణయించిన ద్వారమునందు నమోదు చేయింపవలెనను నియమము 2020 అక్టోబరు 1న పుట్టెను. అది తొలుత ఏటికి 500 కోట్ల రూపాయలకు మించి వ్యాపారము చేయువారికే వర్తించెను. పిదప మెట్టుమెట్టుగా దిగి 2021లో 100 కోట్లకును, 50 కోట్లకును, 2022లో 20 కోట్లకును, 10 కోట్లకును, 2023 ఆగస్టు 1న 5 కోట్లకును వచ్చెను. 500 కోట్లవారి చట్టము చోడవరము కొట్టుగుమ్మము నెక్కుటకు మూడేండ్లు పట్టలేదు!

ఈ బీజకమును ప్రభుత్వమే వ్రాసియిచ్చునని పలువురు భ్రమపడుచున్నారు. అట్లు గాదు. వ్రాయువాడు వర్తకుడే, వ్రాయునది ఆతని యంత్రమే. వ్రాసినదానిని ద్వారమునకు బంపగా, అచ్చటి యంత్రము అమ్మినవాని నమోదు సంఖ్య సరియేనా, ఇదే బీజకము మునుపు వచ్చినదా యని చూచి, 64 అక్షరాంకములు గల యొక సంఖ్యను పుట్టించి, సంతకముతోను చదరపు చుక్కల ముద్రతోను త్రిప్పి పంపును. ఆ ముద్రనే క్యు.ఆర్. కోడు అందురు. ఇదంతయు కొన్ని లిప్తలలో ముగియును. నియమము వర్తించు వర్తకుడు ఆ సంఖ్య లేకుండ నిచ్చిన పట్టీ బీజకమే కాదని చట్టము చెప్పుచున్నది. అది బీజకము కానిచో కొన్నవానికి వచ్చు బాధ యేమి? తాను సరకుపై కట్టిన పన్నును, తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొను హక్కు ఆతనికి గలదు. 2022 జనవరి 1 నుండి, అమ్మినవాడు చూపిన పద్దు తన లెక్కపట్టికలో గనబడినగాని ఆ తగ్గింపు దక్కదు. కావున పల్లెటూరి వర్తకుని ఒత్తిడి పెట్టువాడు పన్నుల యధికారి కాదు. ఆతని సరకు గొను పెద్ద గుత్తేదారు. “ముద్ర లేని బిల్లు మాకు వలదు” అని యొక్కమాట యనిన చాలును, వర్తకునకు నిద్ర పట్టదు.

ఇది మన దేశమునకే తగిలిన తంటా కాదు. జమాఖర్చులను రెండు వైపుల వ్రాయు పద్ధతిని 1494లో వెనీసు నగరమున నచ్చువేయించిన లూకా పాచియోలీ పుట్టిన యిటలీ దేశములో, 2019 జనవరి 1 నుండి వర్తకుల బీజకములు సామాన్యముగా ప్రభుత్వ యంత్రము గుండనే కొన్నవానికి బోవలెనని శాసించిరి. చిలీ దేశము 2003 నాటికే ఈ త్రోవ ద్రొక్కెను.

ఇక అడ్డంకుల మాట. ఎవరి నడిగినను మొదట చెప్పునవి మూడు: కరెంటు పోవును, సిగ్నలు అందదు, డబ్బు చాలదు. మూడును నిజములే గాని మూడును చిన్నవి. మాడుగుల దాటి పాడేరు ఘాటు ఎక్కువారికి సిగ్నలు బాధ గలదు. చోడవరము బజారులో పూటకొకసారి పోయినను మరల వచ్చును. ఖర్చన్నచో, పెద్ద సాఫ్టువేరు కొనలేనివారికి జాతీయ సమాచార కేంద్రమువారు ఉచిత సాధనమును గూడ నిచ్చియున్నారు. ఇవి బయటికి చెప్పుకొను కారణములు. లోపల దాగినవి వేఱు.

తనకు ఆ నియమము వర్తించునో లేదో వర్తకునకు దెలియకపోవుట అందులో మొదటిది. మా చోడవరము 2022 ఏప్రిలు 4వ తేదీ వఱకు విశాఖపట్టణపు జిల్లాలో నుండి, నాటి నుండి అనకాపల్లి జిల్లాలో జేరినది. అనకాపల్లి యనిన బెల్లము. దిమ్మగా నమ్ము బెల్లమునకు పన్ను లేదు. పొట్లము గట్టి పేరుచీటి యంటించిన బెల్లమునకు 2022 జూలై 18 నుండి 5 శాతము విధించిరి. పన్ను లేని సరకునకు యంత్ర బీజకముతో పని లేదు. ఇంతవఱకు అందఱ కెఱుకయే. కాని 5 కోట్ల హద్దును లెక్కించునపుడు పన్ను లేని సరకు వెలను గూడ గలుపుదురు! ఒకడు ఏటికి 6 కోట్ల దిమ్మబెల్లము సొంతముగా కొని యమ్మి, దానితోపాటు పది లక్షల గోనెసంచులను తోటివర్తకుల కమ్మెననుకొందము. బెల్లమునకు ముద్ర వలదు; సంచులకు వలయును. “నాది బెల్లపు వ్యాపారము, నా కిది యంటదు” అని యాతడు నిశ్చింతగా నుండును. అంతేకాదు, 2017–18 మొదలు ఏ యొక్క సంవత్సరమున హద్దు దాటినను, తరువాత వ్యాపారము తగ్గినను, నియమము విడువదు. దీనిని తెలియజెప్పు తెలుగు పుస్తకమును నేను బజారులో వెదకితిని. నా చేతికి దొరకలేదు. గణితశాస్త్రమును పావులూరి మల్లన వేయేండ్ల నాడే తెనిగించిన భాష మనది. దానిలో పన్నుల నియమమును జెప్పుటకు మాటలు చాలవనుట వట్టి సాకు.

రెండవది, దీనిపై నేను కొంచెము నిలువవలెను, పేళ్ల చిక్కు. మా గుమాస్తాగారి చిట్టాలో ఒకే యినుప సరకునకు నాలుగు పేళ్లు గలవు. ఒకచోట చువ్వ, ఒకచోట కమ్మీ, ఒకచోట రాడ్డు, వేఱొకచోట వట్టి “12” అను నంకె. చదువునది తానే గనుక ఆయనకు నాలుగును ఒక్కటే. యంత్రమునకు నాలుగును నాలుగు వస్తువులు. రెండేండ్ల పాటు మేనల్లుడు ఏ పేరు గనబడిన నా పేరు నెక్కించెను. ఫలితముగా యంత్రము చూపిన నిలువలో కమ్మీలు కొట్టు నిండ నున్నవి. రాడ్డులు సున్నకంటె తక్కువగా నున్నవి! లేని సరకు నమ్మినట్లు చూపు లెక్కను ఏ షావుకారు నమ్మును? నమ్మక మరల చిట్టానే తెఱచెను. అందఱును గుమాస్తా మొండివాడనిరి.

కొలత మఱియొక చిక్కు. కర్మాగారము నుండి ఇనుము టన్నులలెక్కన వచ్చును. కొట్టులో చువ్వలలెక్కన పోవును. ధర మాత్రము కిలోలలెక్కన చెప్పుదురు. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు సుమారు 0.888 కిలోగ్రాములు తూగవలెను. 12 మీటర్ల నిడుపు గల నిండుచువ్వ 10.66 కిలోలగును, టన్నునకు ఇంచుమించు 94 చువ్వలు. ఇది పుస్తకములోని లెక్క. కర్మాగారమును బట్టి చువ్వ కొంత తేలికగానో బరువుగానో వచ్చును. ఏ కర్మాగారపు సరకు టన్నునకు ఎన్ని చువ్వలు దిగునో మా గుమాస్తాగారికి కంఠస్థము. ముప్పదియేండ్లలో ఆ లెక్కను కాగితముమీద బెట్టుమని ఆయనను అడిగినవాడు లేడు. యంత్రము దానిని మొదటి దినముననే యడుగుచున్నది. చెప్పనిచో పుస్తకపు లెక్కనే నమ్మి, నెల దిరుగుసరికి నిలువను తప్పు చూపుచున్నది.

మూడవది మన వాడుకలోని వెసులుబాటు. మా ప్రాంతమున గుత్తేదారు ఫోనులో “రెండు టన్నులు పంపుడు, ధర తరువాత చూచుకొందము, బిల్లు ఎవరి పేర వ్రాయవలయునో రేపు చెప్పెదను” అనును. సరకు పోవును. చిట్టాలో ఒక పంక్తి ఖాళీగా మిగులును. చెఱకు సొమ్ము చేతికి వచ్చువఱకు రైతుపద్దు ఆగినట్లే యిదియు నాగును. ఇందులో మోసము లేదు. మాటమీద నడచు వ్యాపారము. కాని చట్టము సరకు కదలునపుడో అంతకు ముందో బీజకము వ్రాయుమనుచున్నది. యంత్రము పేరు, సంఖ్య, ధర యిప్పుడే యిమ్మనుచున్నది. ఖాళీ పంక్తిని సహింపదు. నమోదైన బీజకమును ద్వారమునందు 24 గంటలలోపల రద్దుచేయవచ్చును. ఆ గడువు దాటిన పిదప తప్పు దిద్దుటకు వేఱు పత్రములు వ్రాయవలెను. 10 కోట్లకు మించినవారు 2025 ఏప్రిలు 1 నుండి బీజకపు తేదీకి 30 దినములలోపల పంపనిచో ద్వారము దానిని స్వీకరింపనే స్వీకరింపదు. తరతరముల “తరువాత చూచుకొందము” అనుమాటకు ఈ యంత్రములో చోటు లేదు.

ఆ కొట్టులో జరిగిన యొక యనర్థమును చెప్పెదను. ఒక పెద్ద నిర్మాణసంస్థకు హైదరాబాదునందును, విశాఖపట్టణమునందును కార్యాలయములు గలవు. నమోదు సంఖ్యలో 15 అక్షరాంకము లుండును. మొదటి రెండంకెలు రాష్ట్రమును జెప్పును. తెలంగాణమునకు 36, ఆంధ్రప్రదేశమునకు 37. గుమాస్తాగారు చిట్టాలో సంస్థ పేరు వ్రాసి ప్రక్కన “విశాఖ పని” అని తమ గొలుసుకట్టులో నొక గీత గీసిరి. మేనల్లునకు ఆ గీత చదువ రాలేదు. తెరమీద ఆ సంస్థ పేరు రెండుసార్లు గనబడగా మొదటిదానిని నొక్కెను. అది 36. రెండు సంఖ్యలును నిజమైనవే గనుక ద్వారము తప్పు పట్టలేదు. సరకు వెల 4 లక్షలు. కేంద్రమునకు 36,000, రాష్ట్రమునకు 36,000 చొప్పున వేయవలసిన పన్ను, 72,000 ఒక్కమొత్తముగా అంతరరాష్ట్రపు పన్నుగా పడెను. తరువాతి నెల 14వ తేదీన పట్టిక వెలువడగా, విశాఖ కార్యాలయమువారికి ఆ తగ్గింపు గనబడలేదు. పన్ను సొమ్మును నిలిపివేసిరి. పాత బీజకమునకు మాఱుగా తగ్గింపు పత్రము వ్రాసి, క్రొత్తది పుట్టించి, వారి గుమాస్తాలను ఒప్పించుటకు రెండునెలలు దాటెను. మఱల ఇట్లయినచో వేఱు కొట్టు చూచుకొందుమని వారు కబురు పంపిరి. షావుకారు మేనల్లుని దిట్టెను, మేనల్లుడు గుమాస్తాను దిట్టెను. గుమాస్తా మాఱు పలుకలేదు. శిష్యుడు నా యింటికి వచ్చుటకు అసలు కారణమిది.

దిద్దుబాట్లను గూర్చియు నొక మాట. కంపెనీలుగా నమోదైనవారి లెక్కల సాఫ్టువేరు, ఎవరు ఎప్పుడు ఏ పద్దును మార్చిరో గుర్తు నిలిపి, ఆ గుర్తును చెరుపుటకు వీలులేనిదై యుండవలెనని 2023 ఏప్రిలు 1 నుండి నియమము గలదు. ఇది విని మా బజారులో కొందఱు “ఈ యంత్రము గూఢచారి” అనిరి. నిజము చెప్పవలెనన్న, కొందఱు యంత్రమునకు వెఱచుట లెక్కలు దాచుకొనుటకే. ఆ జాతి క్రొత్తది గాదు. రాజధనమును అధికారులు హరించు ఉపాయములను అర్థశాస్త్రము నలువదింటిని లెక్కించినది. వారిని గూర్చి నాకు జాలి లేదు. కాని వెఱచువారందఱును దొంగలని తలచుట గొప్ప యన్యాయము. పొరపాటు దిద్దుకొన్న గుర్తు, మోసము చేసిన గుర్తు, తెరమీద ఒక్క తీరుగనే కనబడునేమోయని సాధువు గూడ జంకుచున్నాడు.

ఐదవనాడు మధ్యాహ్నము కొట్టులో రద్దీ తగ్గిన వేళ నేను గుమాస్తాగారిని ఉన్నమాట యడిగితిని. ఆయన చిట్టాను నా యెదుటికి ద్రోసి, “చదువుడు, పంతులుగారూ” అనిరి. నేను పంక్తికి రెండు మాటలు గూడ చదువలేకపోతిని. మా చిన్ననాట కరణముగారి దస్తరములో జూచిన వ్రాతయే అది. ఒక యక్షరపు తోక పట్టుకొని మఱియొకటి పుట్టును. కలము పైకెత్తుట యుండదు. ఆయన తండ్రి మా ప్రక్క గ్రామమునకు కరణము. 1984లో ప్రభుత్వము వంశపారంపర్య గ్రామోద్యోగములను రద్దుచేసినపుడు ఆ యింటి కరణీకము పోయెను. కొడుకు ఆ చేవ్రాతతోనే ఈ కొట్టులో జేరెను.

“నేను వ్రాసినది నేనే చదువగలను. కనుకనే నే నిచ్చట నున్నాను. అందులోనున్న దంతయు ఆ పెట్టెలోనికి బోసి యిచ్చితినా, ఆ మఱునాడు నాతో ఎవరికి పని? మా తండ్రిగారు దస్తరము అప్పగించి వచ్చిననాడు ఇంటిలో పొయ్యి వెలుగలేదు. అది నేను జూచితిని” అని ఆయన మెల్లగా అనిరి.

నేను నోరు మెదపలేకపోతిని. ఆ సాయంకాలము శిష్యునితో, “యంత్రము పూర్తిగా సాగిననాడు గుమాస్తాగారు ఎచ్చట కూర్చుందురు?” అని యడిగితిని. అతడు చాలసేపు తల గీరుకొని, “దానిని ఆలోచింపలేదు, మాస్టారూ” అనెను. సాఫ్టువేరు అమ్మినవాడు రెండుదినములు నేర్పిపోయెనట. ఏ మీట నొక్కవలెనో చెప్పెనట. మనిషి తలలోని సరకుల పేళ్లు, తూనికలు, గుత్తేదారుల వాడుకలు పెట్టెలోనికి ఎట్లు వచ్చును, వచ్చిన పిమ్మట ఆ మనిషి గతి యేమి అను ప్రశ్న అమ్మినవానికిని రాలేదు, కొన్నవానికిని రాలేదు. దాచుకొన్నవానిని మొండివాడని నిందించిరి. దాచుకొనక గతిలేని స్థితిలో నిలిపినది తామేనని యెఱుగరైరి. కొట్లలో కంప్యూటరుమీద గుడ్డ కప్పియుండుటకు, నేను జూచినంతలో, దీనికంటె బలమైన కారణము లేదు.

శిష్యుడు మంచివాడు. మఱునాడు నా యెదుట, మేనల్లుని యెదుట, గుమాస్తాగారికి మాట యిచ్చెను: స్థానము పోదు, జీతము తగ్గదు, పేళ్ల పట్టికకు ఆయనయే కర్త, ఆయన చూచి “ఊ” అననిదే ఏ బీజకమును ద్వారమునకు బోరాదు. పిమ్మట రెండునెలలు మధ్యాహ్నములందు మేము మువ్వురము కూర్చుంటిమి. ఆయన చెప్పగా నేను గుండ్రని యక్షరములలో వ్రాసితిని. మేనల్లుడు ఇంగ్లీషులోని కెక్కించెను. ఒక వస్తువునకు ఒక్క పేరు, దాని క్రింద మిగిలిన వాడుకపేళ్లు, తూనిక, పన్నుల జాబితాలో ఆఱంకెల సంఖ్య. రెండువందల పైచిలుకు వస్తువులు తేలినవి. వ్యాకరణములో ప్రకృతి వికృతులను విడదీయుట నాకు వృత్తియే గదా! ఇనుప కమ్మీల కింత తద్భవ పరంపర గలదని నే నెఱుగను.

2025 సెప్టెంబరు 22న సిమెంటుపై పన్ను 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గెను. ఆ యుదయము మేనల్లుడు రేటు మార్చి, మొదటి బీజకమును సిద్ధపఱచెను. పంపుటకు ముందు గుమాస్తాగారు దానిని బిగ్గరగా చదివించుకొనిరి. “ఈ బస్తా పేరు మన పట్టికలోనిది కాదే” అనిరి. చూడగా పాత పేళ్లలో రెండు యంత్రములో నింకను మిగిలియున్నవి. వాటికి పన్ను 28గనే యున్నది. వాటిని దీసివేసి మరల వ్రాసి పంపిరి. నాడు గుత్తేదారులకు బోయిన బీజకములలో తిరిగి వచ్చినది లేదు.

ఇప్పుడు “ధర తరువాత” అను గుత్తేదారులు కొందఱు మాఱిరి, కొందఱు మాఱలేదు. మాఱనివారికి సరకు పంపవలయునా మానవలయునా యని షావుకారు నేటికిని ప్రతిసారి తర్జనభర్జన పడుచున్నాడు. గుమాస్తాగారు యంత్రము ప్రక్కనే కుర్చీ వేయించుకొనిరి. 36కును 37కును భేదము చూపుటకు తెర యంచున ఎఱ్ఱసిరాతో చిన్న చీటి యంటించిరి. చిట్టా మాత్రము మానలేదు; గొలుసుకట్టులోనే వ్రాయుచున్నారు. శిష్యుడు దానిని జూచియు చూడనట్లు ఊరకున్నాడు.